బస్తా ఎటు పోయిందో చెప్పాల్సిందే

హైదరాబాద్ దిల్‌సుఖ్‌నగర్‌లో 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం సైకిళ్ల మీద పెట్టిన రెండు బాంబులు పేలి 18 మంది ప్రాణాలు పోయాయి. వాటిలో వాడింది అమ్మోనియం నైట్రేట్ అని దర్యాప్తులో తేలింది. ఎన్‌ఐఏ ప్రత్యేక కోర్టు 2016 డిసెంబరులో ఐదుగురికి మరణశిక్ష వేసింది. తెలంగాణ హైకోర్టు 2025 ఏప్రిల్‌లో ఆ శిక్షను ఖరారు చేసింది. దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్లకు ఐదున్నరేళ్ల ముందు, 2007 ఆగస్టు 25న, అదే నగరంలోని లుంబినీ పార్కులోనూ గోకుల్ చాట్ దగ్గరా జరిగిన పేలుళ్లకు 40 మందికి పైగా బలైపోయారు. నేరం చేసినవాళ్లను పట్టుకుని శిక్షించడంలో మన పోలీసులు, న్యాయస్థానాలు తమ పని చేశాయి. సరకు అలాంటివాళ్ల చేతికి చేరకముందే అడ్డుకునే పనిలో మాత్రం ఇప్పటికీ సందులు ఉన్నాయి. ఆ సందుల్లో ఒకటి పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లు వంటి ఊళ్లలోని ఎరువుల కొట్టు దగ్గర ఉంది. దాన్ని మూయాల్సిందేనని, అయితే రైతు మెడకు ఇంకో ఉచ్చు బిగించకుండా మూయాలని ఈ పత్రిక గట్టిగా కోరుతోంది.

పైస్థాయిలో చట్టం చేయాల్సింది చాలావరకు చేసింది. బరువులో 45 శాతానికి మించి అమ్మోనియం నైట్రేట్ ఉన్న మిశ్రమాన్ని పేలుడు పదార్థంగానే పరిగణిస్తామని కేంద్రం 2011 జులైలో ప్రకటించింది. మరుసటి ఏడాది అమ్మోనియం నైట్రేట్ నిబంధనలు వచ్చాయి. తయారీకి, దిగుమతికి, నిల్వకు, అమ్మకానికి లైసెన్సు తప్పనిసరి అయింది. 2020 ఆగస్టు 4న బీరూట్ రేవులో ఏళ్ల తరబడి మూలన పడి ఉన్న 2,750 టన్నుల సరకు పేలి 200 మందికి పైగా చనిపోయాక, 2021లో ఆ నిబంధనలను ఇంకా బిగించారు. దిగిన సరకును రేవు ప్రాంతం నుంచి కనీసం 500 మీటర్ల అవతలి గిడ్డంగులకు తరలించాలన్నారు. విదేశాల నుంచి మన దేశానికి ఈ సరకు వచ్చే ప్రధాన ద్వారం విశాఖపట్నమే కాబట్టి ఇది మన ఇంటి వ్యవహారం కూడా.

ఇక్కడ ఒక మాట తేటతెల్లంగా చెప్పాలి. డెల్టా రైతు వాడే యూరియా, డీఏపీ, కాంప్లెక్సు బస్తాలను అమ్మోనియం నైట్రేట్‌తో ఒక గాటన కట్టకూడదు. మన వరిచేలలో నీళ్లు నిలిచి ఉంటాయి. నిలవ నీటి కింద మట్టికి గాలి అందదు. నైట్రేట్ రూపంలో నత్రజని వేస్తే కొంత నీటితో పాటు కిందికి దిగిపోతుంది, కొంత సూక్ష్మజీవుల చేతిలో వాయువై గాలిలో కలిసిపోతుంది. అందుకే సార్వాలో గానీ దాళ్వాలో గానీ మన రైతు యూరియా చల్లుతాడు తప్ప నైట్రేట్ ఎరువు అడగడు. అంటే గోదావరి డెల్టాలో వ్యవసాయం పేరు చెప్పి అమ్మోనియం నైట్రేట్ దాచుకునే అవసరం ఎవరికీ లేదు. ఎక్కడైనా అది బస్తాల్లో కనబడితే, పొలానికి తెచ్చుకున్నామన్న సాకును అధికారులు ఒక్క క్షణం కూడా వినకూడదు.

అలాగని మామూలు ఎరువుల మీద కన్ను వేయనక్కర్లేదని కాదు. 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు 25వ క్లాజు ప్రకారం, కేంద్రం ముందస్తు అనుమతి లేకుండా ఎరువును పంటలకు తప్ప మరో పనికి అమ్మడమూ వాడడమూ నిషిద్ధం. ఉల్లంఘిస్తే నిత్యావసర సరుకుల చట్టం కింద ఏడేళ్ల దాకా జైలు పడొచ్చు. కానీ ఈ ఉత్తర్వును మనం సబ్సిడీ దుర్వినియోగం కళ్లద్దాల్లోంచే చూస్తూ వచ్చాం. జిగురు తయారీకి, ప్లైవుడ్ ఫ్యాక్టరీకి యూరియా తరలితే ఖజానాకు నష్టమని బాధపడ్డాం. యూరియాకు వేపనూనె పూత తప్పనిసరి చేయడానికి ఒక కారణం కూడా అదే. దారి తప్పిన బస్తా జనం ప్రాణాల మీదికి వస్తుందన్న ఆలోచన వ్యవసాయ శాఖ కాగితాల్లో ఎక్కడా గట్టిగా కనబడదు.

ఎరువుల కొనుగోలుదారుడి వేలిముద్ర తీసుకునే పద్ధతి దేశమంతటా రాకముందు దాన్ని ప్రయోగాత్మకంగా పరీక్షించిన జిల్లాల్లో పశ్చిమ గోదావరి ఒకటి. 2016లో మన జిల్లాలో, కృష్ణా జిల్లాలో ఆధార్‌తో, భూమి రికార్డులతో ముడిపెట్టి ఈ-పాస్ మిషన్లు నడిపి చూశారు. 2018 మార్చి నాటికి అది దేశమంతటా అమల్లోకి వచ్చింది. బస్తా ఈ-పాస్‌లో అమ్ముడైనట్టు నమోదైతేనే కంపెనీకి సబ్సిడీ పడుతుంది. కాగితం మీద ఇంతకన్నా గట్టి లెక్క ఇంకేం కావాలి?

ఊడ్పులు ముగిసిన వారంలో కొట్టు దగ్గర నిలబడి చూస్తే అసలు సంగతి అర్థమవుతుంది. దమ్ములో నాని, నారు పీకి అరిగిపోయిన వేలు మిషన్ మీద పెడితే గీతలు పడవు. తుడిచి మళ్లీ పెడతారు, బొటనవేలు మార్చి చూస్తారు. వెనక వరుస పెరుగుతుంటుంది. చివరికి పక్కనున్న ఎవరో ఒకరు ‘నా వేలు పెడతా, కానీయండి’ అంటారు. బస్తాలు ఒకరి పేరున నమోదై ఇంకొకరి బండి ఎక్కుతాయి. ఇందులో చెడు ఉద్దేశం ఏమీ లేకపోవచ్చు. కానీ ఈ అలవాటు ముదిరిన చోట, నిజంగా చెడు ఉద్దేశంతో వచ్చినవాడికి పని ఎంత సులువో ఆలోచించాలి. పైగా ఆధార్ ఉన్న ఎవరికైనా ఎరువు ఇవ్వాలన్నదే ఇప్పటి విధానం. భూమి ఉందా, పంట ఉందా అన్నది అమ్మకానికి అడ్డు కాదు.

నార్వేలో 2011 జులై 22న జరిగింది ఇక్కడ గుర్తు చేసుకోవాలి. ఓస్లోలో ప్రభుత్వ కార్యాలయాల ముందు బాంబు పేల్చి 8 మందిని, ఆ తర్వాత ఉటోయా దీవిలో కాల్పులు జరిపి 69 మందిని చంపిన హంతకుడు, అంతకుముందు ఒక పొలం కౌలుకు తీసుకుని, వ్యవసాయ సంస్థ పేరు నమోదు చేయించి, ఆ పేరు మీద టన్నులకొద్దీ ఎరువు తెప్పించుకున్నాడు. పత్రాలన్నీ సక్రమంగానే ఉన్నాయి. అతను ఏ పంట వేస్తున్నాడని అడిగే పని ఎవరికీ అప్పగించి లేదు. ఆ తర్వాత యూరోపియన్ యూనియన్ ఈ విషయంలో కఠినంగా వెళ్లింది. అమ్మోనియం నైట్రేట్ నుంచి వచ్చే నత్రజని 16 శాతమో ఆపైనో ఉన్న ఎరువుల విక్రయంపై ఆంక్షలు బిగించి, అనుమానం కలిగించే కొనుగోళ్లనూ దొంగతనాలనూ 24 గంటల్లో తెలియజేయాలని అమ్మకందారుల మీద బాధ్యత పెట్టింది. 2021 ఫిబ్రవరి 1 నుంచి ఆ నియమం అమల్లో ఉంది.

మన దగ్గర అలాంటి కబురు ఎవరికి చెప్పాలో కొట్టు యజమానికి తెలుసా? తన ఊరివాళ్లను, తన ఖాతాదారులను ఏళ్ల తరబడి చూస్తున్న డీలరుకు, సొసైటీ గుమాస్తాకు, తేడా కనిపెట్టే కన్ను ఏ యంత్రానికీ లేనంత ఉంటుంది. ఎవరికి ఎన్ని ఎకరాలు, ఎవరి చెరువు ఎండగట్టి ఉంది, ఎవరు కొత్తగా వచ్చారు, వాళ్లకు తెలుసు. ఆ తెలివిని వాడుకునే ఏర్పాటే మనకు లేదు. ఫలానా నంబరుకు ఫోను చేయాలి, చేసినవాడిని సాక్షిగా కోర్టు చుట్టూ తిప్పరు, లైసెన్సు మీద వేధింపు రాదు అని రాతపూర్వకంగా భరోసా ఇస్తే ఆ ఫోను వస్తుంది. ఇప్పటి పరిస్థితిలో ఏ డీలరైనా పోలీసు స్టేషన్ మెట్లెక్కడానికి జంకుతాడంటే అతన్ని తప్పు పట్టలేం.

జిల్లాలో ఎక్కువ యూరియా కొన్న తొలి 20 మంది జాబితా తీసి తనిఖీ చేయాలని కేంద్ర ఎరువుల శాఖ 2020 నుంచి చెబుతోంది. మంచి పద్ధతే. కానీ ఆ తనిఖీ వ్యవసాయ శాఖ గడప దాటదు. జాబితాను పోలీసులతో కలిసి చూడాలి. గోదాములో సరకుకూ మిషన్ లెక్కకూ తేడా వస్తే సీజను చివరిదాకా ఆగకుండా 24 గంటల్లో కారణం చెప్పించాలి.

కట్టడి అనగానే ముందు నలిగేది కౌలు రైతు. డెల్టాలో చేలు దున్నుతున్నవాళ్లలో కౌలుదార్లే ఎక్కువన్నది అందరికీ తెలుసు. కౌలుదార్ల కోసం రాష్ట్రం 2019లో చేసిన చట్టం ప్రకారం సాగు హక్కు కార్డు రావాలంటే భూ యజమాని సంతకం కావాలి, ఆ సంతకం పెట్టేవాళ్లు తక్కువ. 2025 సార్వాలో రాష్ట్రంలో యూరియా కోసం రైతులు తెల్లవారకముందే వరుసల్లో నిలబడ్డారు. రూ.266.50 బస్తా కోసం అంత అవస్థ పడ్డ మనిషిని ఇప్పుడు భద్రత పేరుతో పాసుపుస్తకం చూపించమంటే అన్యాయం. అది ప్రమాదం కూడా. కొట్టు దగ్గర దొరకని రైతు దొంగదారిన కొంటాడు. దొంగదారి విస్తరిస్తే బస్తా జాడ పూర్తిగా చెరిగిపోతుంది. కార్డు లేని కౌలుదారుకు రైతు సేవా కేంద్రం సిబ్బంది చేను చూసి ఇచ్చే ధ్రువీకరణ చాలని ప్రభుత్వం ఉత్తర్వు ఇవ్వాలి. చేపల చెరువులకు ఎరువు వాడుతున్న సంగతిని కూడా చూసీచూడనట్టు వదిలేయకుండా, చెరువులు సాగుచేసేవాళ్లకు సబ్సిడీ లేని సరకు బాహాటంగా దొరికే వీలు కల్పించాలి. చాటున జరిగే ప్రతి కొనుగోలూ లెక్క తప్పిన ఒక బస్తాయే.

పట్టుకున్న సరకు విషయంలో నిర్లక్ష్యం మరీ దారుణం. చెన్నై శివార్లలో 2015లో స్వాధీనం చేసుకున్న అమ్మోనియం నైట్రేట్ దాదాపు 700 టన్నులు బీరూట్ పేలుడు దాకా అక్కడే ఉండిపోయింది. ఆ తర్వాతే హడావిడిగా లారీల్లో హైదరాబాద్‌కు తరలించారు. 2025 నవంబరులో ఫరీదాబాద్‌లో పోలీసులు దాదాపు 2,900 కిలోల పేలుడు సామగ్రి పట్టుకున్నారు. దర్యాప్తు కోసం దాన్ని శ్రీనగర్ నౌగామ్ పోలీస్ స్టేషన్‌కు చేరిస్తే, నమూనాలు తీస్తుండగా 14వ తేదీ రాత్రి పేలి తొమ్మిది మంది చనిపోయారు. స్వాధీనం చేసుకున్న సరకును ఊరి మధ్య స్టేషన్లలో ఉంచకూడదు. రోజుల్లోనే నిపుణుల చేత పరీక్ష చేయించి, కోర్టు అనుమతితో వదిలించుకోవాలి. విశాఖ నుంచి గనులకూ క్వారీలకూ ఈ సరకుతో వెళ్లే లారీల విషయంలో, బయల్దేరిన బరువుకూ దిగిన బరువుకూ తేడా వస్తే అదే రోజు రెండు జిల్లాల పోలీసులకూ తెలియాలి.

ఈ-పాస్ ప్రయోగానికి తొలి జిల్లాల్లో ఒకటిగా నిలిచిన పశ్చిమ గోదావరి ఇందులోనూ ముందు నడవగలదు. వచ్చే సార్వా ఊడ్పులకు ముందే కలెక్టరు, ఎస్పీ, వ్యవసాయ శాఖ జిల్లా అధికారి పాలకొల్లు, భీమవరం, నరసాపురం, తణుకు, తాడేపల్లిగూడెం డీలర్లనూ సొసైటీలనూ కూర్చోబెట్టి, ఫోను చేయాల్సిన నంబరేదో, కౌలుదారుకు చెల్లే కాగితమేదో, వేలిముద్ర పడని రైతుకు ప్రత్యామ్నాయమేదో తేల్చి, ఆ మూడూ ప్రతి ఎరువుల కొట్టు గోడ మీద తెలుగులో రాయించాలి.