పాట కట్టేవాడికే పాటపై పట్టు

టీవీ పాటల పోటీలో పిల్లవాడు గెలిస్తే చాలు, ఇక జీవితం గాడిన పడినట్టేనని నమ్మే తల్లిదండ్రులు మన దగ్గర చాలామందే ఉన్నారు. వాళ్లు అమెరికా బ్యాండ్ వన్‌రిపబ్లిక్ గాయకుడు రయాన్ టెడ్డర్ ఎదిగి వచ్చిన దారిని ఒకసారి చూడాలి. 1979లో ఓక్లహోమా రాష్ట్రంలోని టల్సాలో పుట్టిన టెడ్డర్, ఇరవై ఏళ్లు దాటిన కొత్తలోనే ఎంటీవీ పోటీలో నెగ్గాడు. బహుమతిగా రావలసిన రికార్డింగ్ ఒప్పందం మాత్రం చేతికి అందలేదు. స్కూలు స్నేహితుడు జాక్ ఫిల్కిన్స్‌తో కలిసి 2002లో కొలరాడోలో బ్యాండ్ పెట్టాడు. కొలంబియా రికార్డ్స్ వాళ్లతో ఒప్పందం చేసుకుంది, తీరా ఆల్బమ్ విడుదల దగ్గరపడ్డాక వదిలేసుకుంది. కేవలం గొంతునే నమ్ముకున్నవాడైతే అక్కడితో కథ ముగిసేది. టెడ్డర్ చేతిలో తాను కట్టిన పాటలున్నాయి. అతని విజయానికి అసలు పునాది అదేనని నా అభిప్రాయం.

బ్యాండ్ పేరు బయటికి రాకముందే అతను నిర్మాత టింబలాండ్ దగ్గర పని నేర్చుకున్నాడు, ఇతర గాయకులకు పాటలు కట్టి ఇచ్చాడు. ‘బ్లీడింగ్ లవ్’ సంగతే తీసుకోండి. గాయకుడు జెస్సీ మెకార్ట్నీతో కలిసి అతని కోసమే రాసిన ఆ పాట మెకార్ట్నీ కంపెనీకి నచ్చలేదు. టెడ్డర్ దాన్ని మూలన పడేయలేదు. బ్రిటన్ టీవీ పోటీలో గెలిచిన లియోనా లూయిస్ గొంతుకు తగ్గట్టు మలిచాడు. చర్చి ఆర్గాన్‌ను తలపించే ధ్వని, దాని కింద కవాతులా నడిచే దరువు. 2007లో బ్రిటన్‌లో వరుసగా ఏడు వారాలు ఆ పాటే మొదటి స్థానంలో ఉంది, మరుసటి ఏడాది అమెరికాలోనూ అగ్రస్థానానికి చేరింది. ఆ తర్వాత బియాన్సే ‘హేలో’, అడెల్ ‘టర్నింగ్ టేబుల్స్’ రచనలోనూ అతని చేయి ఉంది. అడెల్ ‘21’, ‘25’, టేలర్ స్విఫ్ట్ ‘1989’ ఆల్బమ్‌లు గ్రామీ అత్యున్నత ఆల్బమ్ పురస్కారం గెలిచినప్పుడు, నిర్మాతల్లో ఒకడిగా మూడుసార్లూ ఆ గౌరవం టెడ్డర్‌కూ దక్కింది. వినేవాళ్లలో చాలామందికి అతని ముఖం తెలియదు, అయినా పాట ఆడిన ప్రతి చోటా అతని వాటా అతనికి చేరుతూనే ఉంది. అమెరికాలో మామూలు రేడియోలో పాట వేస్తే రచయితకూ బాణీకర్తకూ రాయల్టీ వస్తుంది, పాడినవాడికి పైసా రాదు. ఈ ఒక్క సంగతి చాలు, పాట కట్టడం ఎందుకు నేర్వాలో చెప్పడానికి.

ఇదంతా అదృష్టమే, టింబలాండ్ చేయి పట్టుకోకపోతే వన్‌రిపబ్లిక్ ఎక్కడుండేదని అడిగేవాళ్లున్నారు. సహేతుకమైన ప్రశ్నే. ‘అపాలజైజ్’ లోకమంతా మోగింది 2007లో టింబలాండ్ రీమిక్స్ వల్లనే. అమెరికా చార్టులో రెండో స్థానం దాకా వెళ్లింది కూడా ఆ రూపమే. కానీ ఆ పాటను పక్కపక్కన రెండు రూపాల్లో విని చూడండి. పియానో మీద మళ్లీ మళ్లీ తిరిగే స్వరవరుస, దాని వెంట తీగవాద్యాలు, కోరస్ దగ్గర గొంతు ఒక్కసారిగా సన్నబడి పైస్థాయికి ఎగబాకడం, ఇవన్నీ టెడ్డర్ ఒక్కడే రాసిన మూలంలోనివి. టింబలాండ్ చేర్చింది దరువు, వెనక వినిపించే కొన్ని కేకలు. పైగా అంతకుముందే, కంపెనీ అండ లేని రోజుల్లో, మైస్పేస్‌లో ఆ బ్యాండ్ పాటలను జనం వెతుక్కుని మరీ విన్నారు. అదృష్టం వచ్చింది నిజమే, అది వచ్చేనాటికి పాట సిద్ధంగా ఉంది.

ఇంతకన్నా బలమైన అభ్యంతరం మరొకటుంది. పదిమందికి పాటలు కట్టేవాడు ఒకే అచ్చులో పోతపోస్తాడని. టెడ్డర్ మీద ఈ విమర్శ ఊరికే రాలేదు. కెల్లీ క్లార్క్‌సన్ పాడిన ‘ఆల్‌రెడీ గాన్’ సంగీతం ‘హేలో’ను పోలి ఉందని 2009లో ఆమే బాహాటంగా అసంతృప్తి చెప్పింది. వరుసగా రెండూ విన్నవాళ్లు ఆమెను తప్పుపట్టలేరు. నా దృష్టిలో అది అతని పనిలో నిజమైన లోపం. అయితే 2013లో వచ్చిన ‘కౌంటింగ్ స్టార్స్’ వింటే, అతను ఆ అచ్చులోనే ఇరుక్కుపోలేదని తెలుస్తుంది. నింపాదిగా మొదలై, గిటారు మీద జానపద ధోరణి పట్టి, చప్పట్ల లయలోకి దూకే పాట అది. 2021లో కేకేఆర్ అనే పెట్టుబడి సంస్థ టెడ్డర్ పాటల్లో, దాదాపు 500 పాటల్లో, మెజారిటీ వాటా కొనుక్కుంది. ఎంత గొప్ప గొంతైనా, పాట తనది కాకపోతే అమ్ముకోవడానికి ఆ గాయకుడి దగ్గర అలాంటి ఆస్తి ఉండదు.

రాయడం, బాణీ కట్టడం, పాడడం ఒక్కరే చేయడం మనకు కొత్త కాదు. అన్నమయ్య, త్యాగయ్య సరే, మన కాలంలో గద్దర్, గోరటి వెంకన్న జనంలోకి వెళ్లింది సొంత పాటతోనే. సినిమా రంగం ఈ మూడు పనులనూ ముగ్గురికి పంచింది, దానివల్ల గొప్ప పాటలూ వచ్చాయి. కాదనను. ‘నాటు నాటు’కు ఆస్కార్ అందుకున్నది మాత్రం బాణీ కట్టిన కీరవాణి, రాసిన చంద్రబోస్. 2012 కాపీరైట్ సవరణ తర్వాత మన రచయితలకూ స్వరకర్తలకూ, థియేటర్లో సినిమాతో పాటు వేసినప్పుడు తప్ప మిగతా వాడకాలన్నిటిలో రాయల్టీ వాటా ఉంది, దాన్ని ఒప్పందంలో రాయించుకుని లాగేసుకోవడానికి వీల్లేదు. గాయకులకూ చట్టంలో ప్రదర్శన హక్కులున్నాయి, కానీ పాట ఎవరు పాడినా, ఎన్నిసార్లు కొత్తగా పాడించినా చెల్లేది రచన హక్కు.

టీవీ పోటీలు నడిపేవాళ్లకు, సంగీతం నేర్పే గురువులకు ఒక్క విన్నపం. మన పోటీల్లో పిల్లలు పాతిక ముప్పై ఏళ్ల కిందటి పాటలను అద్భుతంగా పాడుతున్నారు. వచ్చే సీజన్‌లో ఒక్క రౌండ్ సొంత పాటకు కేటాయించండి. నాలుగు పంక్తుల పల్లవి, ఒక చరణం, వాళ్లే కట్టిన బాణీ. మార్కులు గొంతుకు ఎన్ని ఇస్తారో పాటకూ అన్నే ఇవ్వండి.