పసి పాదాలకు చల్లని తొడుగులు

తెలుగు ఇళ్ల పెరళ్లలో పూసే బిళ్ళగన్నేరు నుంచి తీసిన విన్‌క్రిస్టిన్, 1963లో అమెరికాలో అనుమతి పొందిన నాటి నుంచి పిల్లల రక్త క్యాన్సర్ చికిత్సకు మూలస్తంభంగా ఉంది. కణ విభజనకు కావలసిన సూక్ష్మనాళికలను కట్టుకోనివ్వకపోవడమే ఈ మందు చేసే పని. అయితే వెన్ను నుంచి కాలి వేళ్ల దాకా సాగే నాడీతంతువులలో పోషకాలు ప్రయాణించేది కూడా ఆ నాళికల వెంటే కాబట్టి, క్యాన్సర్ కణాలతో పాటు నాడులూ, వాటిలో అన్నిటికంటే పొడవైనవి ముందుగా, దెబ్బతింటాయి.

పెద్దవారైతే తిమ్మిరనో, మంటనో, సూదులు గుచ్చినట్టుందనో చెప్పుకోగలరు. నాలుగేళ్ల బిడ్డకు ఆ మాటలు రావు: నడవనని మారాం చేస్తుంది, మెట్ల దగ్గర తట్టుకుని పడుతుంది, కాలి చెప్పు జారిపోయినా తెలియక ముందుకు సాగిపోతుంది. దాన్ని పేచీగా కొట్టిపారేయడం ఆ బిడ్డకు చేసే అన్యాయమే.

ఈ హానిని తగ్గించాలని, మందు ఎక్కే వేళ చేతులకు, పాదాలకు చల్లని తొడుగులు వేస్తే అక్కడి రక్తనాళాలు ముడుచుకుని మందు ఆ కొసలకు తక్కువగా చేరుతుందన్నది శీతల చికిత్స వెనుక ఉన్న ఆలోచన. జపాన్ వైద్యులు 2018లో వెలువరించిన అధ్యయనంలో, పాక్లిటాక్సెల్ అనే మరో క్యాన్సర్ మందు తీసుకుంటున్న రొమ్ము క్యాన్సర్ రోగులకు ఒక పక్క చేతికి, కాలికి మాత్రమే గడ్డకట్టించిన తొడుగులు వేసి రెండో పక్కతో పోల్చి చూడగా, చల్లబరచిన పక్కన తిమ్మిరి బాగా తక్కువగా కనిపించింది. ఆశ కలిగించే ఫలితమే గాని, 2020 నాటి అమెరికా క్యాన్సర్ వైద్యుల సంఘపు మార్గదర్శకాలు ఆధారాలు చాలవంటూ దీన్ని సిఫారసు చేయలేదు.

పిల్లల విషయంలో చిక్కు ఇంకా లోతైనది. ఆ అధ్యయనంలో పాక్లిటాక్సెల్ గంటసేపు ఎక్కింది గనుక ముందొక పావుగంట, తర్వాతొక పావుగంట కలిపి గంటన్నర తొడుగులు ఉంచడంలో అర్థముంది. విన్‌క్రిస్టిన్ మాత్రం కొద్ది నిమిషాల్లోనే రక్తంలోకి ఎక్కి, కణజాలాల్లో చేరి, రోజుల తరబడి నెమ్మదిగా బయటకు పోతుంది కాబట్టి, సూది వేసే వేళ పెట్టిన చలి ఎంత కాపాడుతుందో పెద్దల ఫలితాలు చెప్పలేవు. పైగా స్పర్శ తగ్గిన పాదానికి చలి మితిమీరినా తెలియదు గనుక ఇంట్లో ఐసు కట్టడం చర్మానికే ముప్పు. ఆక్సాలిప్లాటిన్ వంటి మందు తీసుకునేవారిలోనైతే చలే నొప్పిని రేపుతుంది. అందుకే పిల్లలకు వాడదలచిన తొడుగుల విలువ పిల్లల కోసమే రూపొందించిన పరీక్షల్లో తేలాలి.

ఈలోగా చేయగలిగినది తక్కువేమీ కాదు. ఇట్రాకొనజోల్, వోరికొనజోల్ వంటి ఫంగస్ మందులు విన్‌క్రిస్టిన్‌ను విచ్ఛిన్నం చేసే ఎంజైమును అడ్డుకుని నాడులకు హాని పెంచుతాయి కాబట్టి, బిడ్డ వాడే ప్రతి మందూ క్యాన్సర్ వైద్యులకు తెలియాలి. విన్‌క్రిస్టిన్ మోతాదు తగ్గించడమా, ఆపడమా అన్నది వారే తేల్చాలి. భయపడి సూది మానేస్తే జబ్బు తిరగబెట్టవచ్చు. ఆసుపత్రికి వచ్చిన ప్రతిసారీ బిడ్డను వట్టి కాళ్లతో, మడమల మీద నాలుగు అడుగులు వేయమంటే, పాదం ముందు భాగం పైకి లేవడం లేదన్న సంగతి తొందరగా బయటపడుతుంది, మడమ వెనుక స్నాయుబంధనం బిగుసుకుపోకముందే ఫిజియోథెరపీ, పాదాన్ని నిలిపి ఉంచే పట్టీ మొదలవుతాయి.