అత్తరుకేం తక్కువ?

మొన్న ధర్మవరంలో ఓ పెళ్ళికి వెళ్ళాను. పెళ్ళికూతురి తండ్రికి నలభై ఏళ్ళ స్నేహితుడైన ఓ సాయిబుగారు గుమ్మం దగ్గర నిలబడి, వచ్చినవాళ్ళ మణికట్టుకు తలా ఓ చుక్క గులాబీ అత్తరు రాస్తున్నారు. నా ముందున్న పట్టుపంచె పెద్దమనిషి చెయ్యి వెనక్కి లాక్కుని, "వద్దులే సాయిబూ, మీ వాసన మాకు పడదు" అన్నాడు. సాయిబుగారు నవ్వేసి, "సరే సామీ" అన్నారు. ఆ నవ్వు చూస్తే నాకు ప్రాణం చివుక్కుమంది.

పందిట్లో ఆ పెద్దమనిషి నా పక్కనే కూర్చున్నాడు. కాసేపటికి జేబులోంచి తళతళలాడే సీసా తీసి చొక్కాకు చిమ్ముకున్నాడు. "మావాడు కువైట్ నుంచి తెచ్చినాడప్పా. అరబ్బు పూల సెంటు. ఘాటుండదు, అందరికీ పడుతుంది" అంటూ, అడక్కుండానే నా మీదా చిమ్మాడు. వాసన చూశాను. గులాబీయే!

అయ్యా, ఇదెక్కడి న్యాయం? గుమ్మం దగ్గర పడని గులాబీ, విమానం దిగొస్తే పడిందా?

పూల సెంటు మీద నాకు పేచీ లేదు. ఎండాకాలం కిక్కిరిసిన రైలుపెట్టెలో పక్కవాడు తేలికపాటి వాసన వేసుకుంటే అది పరోపకారమే. ఏ వాసనా గిట్టనివాళ్ళు దణ్ణం పెట్టి తప్పుకుంటే అదీ సబబే. నా తగాదా, మనిషిని చూసి ముక్కు మూసుకునే వాళ్ళతోనే.

అత్తరు ఘాటంటారు గదా, ఆ లెక్కా చూద్దాం. చిమ్ముకునే సెంట్లలో ఎక్కువ పాలు ఆల్కహాలు. అది ఇట్టే ఆవిరవుతూ వాసనను పదిమంది ముక్కుల్లోకీ మోసుకుపోతుంది. అత్తరు నూనె. ఒంటిని అంటిపెట్టుకుని, దగ్గరికి వచ్చినవాళ్ళనే మెల్లగా పలకరిస్తుంది. ఒక్క చుక్క చాలు. సీసా ఒంపుకుంటే తప్పు ఒంపుకున్నవాడిది. బజార్లో గులాబీ పేరే తప్ప గులాబీ లేని చవక అత్తర్లూ ఉన్నాయి. ఆ మోసాన్ని తిట్టండి, నేనూ వంత పాడతాను.

అసలు అత్తరు పుట్టుక చూడండి. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో పాత పద్ధతిన పెద్ద రాగి పాత్రలో పూలూ నీళ్ళూ పోసి, మూతకు మట్టి మెత్తి, కింద మంట పెడతారు. ఆవిరి వెదురు గొట్టంలోంచి పోయి, ఇంకో పాత్రలోని గంధపు నూనెలో దిగుతుంది. ఆ గంధం ఎవరిది? అరబ్బీలో దాన్ని సందల్ అంటారు, మన చందనమే అలా ప్రయాణం చేసింది. వాళ్ళు ప్రాణంగా చూసుకునే ఊద్ మన అగరే. అస్సాం నుంచి ఇప్పటికీ అటు వెళ్తోంది. మరి మనకేం వచ్చింది? తొమ్మిదో శతాబ్దంలోనే అల్ కిందీ అనే పండితుడు సుగంధాలు తీసే పద్ధతుల మీద గ్రంథం రాశాడు. అత్తరన్న మాటే అరబ్బీది. ఇచ్చిపుచ్చుకున్న సరుకులో మీదేది, మాదేది అని గీత గీయడం ఎవరి తరం?

దూరం పోనక్కర్లేదు. పెనుకొండ బాబయ్య దర్గా ఉరుసులో గంధం వచ్చే వేళ జనంలో నిలబడి చూడండి. బొట్టు పెట్టుకున్నవాళ్ళెందరో, టోపీ పెట్టుకున్నవాళ్ళెందరో లెక్క తేలదు. హిందూపురం బజార్లో చింతపండు, ఎండుమిర్చి ఘాటుకు తుమ్మని మతం ఏదైనా ఉందా? తలలో మనం ముచ్చటగా తురుముకునే కనకాంబరానికి వాసనే లేదు. దాన్ని మాత్రం ఎవరూ వెలివేయలేదే!

భోజనాలయ్యాక నేను గుమ్మం దగ్గరికి వెళ్ళి చెయ్యి చాచాను. "ఇందాకే రాసినాను గదా సామీ?" అన్నారు సాయిబుగారు.

"ఆ చేతికి రాశారు. ఈ చెయ్యేం పాపం చేసింది?" అన్నాను.

ఈసారి ఆయన నిజంగా నవ్వారు. పెద్దమనిషి చిమ్మిన సెంటు హిందూపురం చేరేలోగా ఎగిరిపోయింది. మర్నాడు పొద్దున కాఫీ గ్లాసు ఎత్తితే మణికట్టు దగ్గర గులాబీ ఇంకా ఉంది.

నచ్చని వాసన వద్దనండి, తప్పు లేదు. ఇచ్చే చేతిని మాత్రం చిన్నబుచ్చకండి.