కారెక్కి వెళ్లి తొక్కే సైకిలు

బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ పరిసరాల్లో పరుగుకైనా సైకిలుకైనా మొదటి ఆనవాలు కేబీఆర్ పార్కే. కాసు బ్రహ్మానందరెడ్డి పేరు పెట్టిన ఈ అడవిని 1998లో జాతీయ ఉద్యానంగా ప్రకటించారు. లోపల మట్టి బాట, బయట కంచె వెంబడి ఫుట్‌పాత్. లోపలి బాటకు టికెట్టో పాసో కావాలి, నెమలి కూతలు ఉచితం. బయటి బాటకు ఏదీ అక్కర్లేదు, హారన్లు ఉచితం. మోకాళ్ల మాట వినేవాళ్లు లోపలికే వెళ్తారు.

దక్కను గుట్టల మీద లేచిన కాలనీలు కాబట్టి ఇక్కడ చదునైన దారి అరుదు. పంజాగుట్ట వైపు నుంచి జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్‌కు వచ్చే రోడ్డు చాలావరకు ఎక్కుడే. ఏటా ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌కు తయారయ్యేవాళ్లకు ఇలాంటి ఎక్కుళ్లే బడి, ఎందుకంటే ఆ పందెంలో ఫ్లైఓవర్లు ఎక్కి దిగడమే అసలు పరీక్ష. చదును కావాలంటే హుస్సేన్‌సాగర్ ఒడ్డున నెక్లెస్ రోడ్డుకు దిగాలి. దానికి పీవీ నరసింహారావు పేరు పెట్టి కొన్నేళ్లయినా పరుగెత్తేవాళ్ల నోట పాత పేరే నడుస్తోంది.

సైకిలు సంగతి వేరు. రోడ్ నంబర్ 45 మీదుగా, 2020లో తెరిచిన దుర్గం చెరువు తీగల వంతెన దాటితే మాదాపూర్, ఆ పక్కనే హైటెక్ సిటీ. చెక్‌పోస్ట్ నుంచి ఐదారు కిలోమీటర్లే. సైకిలు మీద ఆఫీసుకు వెళ్లడానికి ఇంతకన్నా అనువైన దూరం ఉండదు. కానీ ఆ పొడవునా తెగకుండా సాగే సైకిల్ వరస లేదు. ఉన్నది మరోచోట. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీకి ఒక పాయ, నార్సింగి నుంచి కొల్లూరుకు ఇంకో పాయ, కలిపి 23 కిలోమీటర్ల సోలార్ సైకిల్ ట్రాక్. 2023 అక్టోబరులో మొదలైంది. వెడల్పు నాలుగున్నర మీటర్లు, నెత్తిన 16 మెగావాట్ల సౌర ఫలకాల కప్పు. పనితనానికి వంక పెట్టాల్సిన పని లేదు, వంకంతా అది ఉన్న చోటులోనే. జూబ్లీహిల్స్ నుంచి అక్కడికి పది కిలోమీటర్ల పైమాటే. ఆ దూరాన్ని కార్ల మధ్య తొక్కుకుంటూ పోయే ధైర్యం కొద్దిమందికే ఉంటుంది. ఆదివారం పొద్దున సైకిళ్లు కార్ల వెనక కట్టించుకుని వచ్చి దిగుతాయి, చెమట పట్టాక మళ్లీ కారెక్కి ఇంటికి పోతాయి. సైకిలు తొక్కడానికి పెట్రోలు కాల్చే ఏర్పాటు ఇది.

ఈ నగరాన్ని నడిపేవాళ్ల లెక్కలో పరుగూ సైకిలూ వ్యాయామాలు మాత్రమే, ప్రయాణాలు కావు. వ్యాయామానికి మొదలుపెట్టిన చోటికే తిరిగి తెచ్చే చుట్టు చాలు. బతుకుతెరువుకు మాత్రం ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేర్చే దారి కావాలి. కృష్ణానగర్, యూసుఫ్‌గూడ, బోరబండ, ఫిల్మ్‌నగర్ బస్తీల నుంచి ఇంటిపనికి, తోటపనికి, వాచ్‌మన్ డ్యూటీకి రోజూ ఈ గుట్టలెక్కేవాళ్ల నడకను ఏ యాప్ కూడా లెక్కపెట్టదు, పూర్తిచేసినందుకు మెడలో పతకమూ వెయ్యరు. 2011 జనగణన నాటికి దేశంలో దాదాపు 45 శాతం ఇళ్లలో సైకిలుంది. ట్రాకు వేసింది ఆ సైకిళ్లకు కాదు.

అసలు దారి ఫుట్‌పాత్‌తో మొదలవ్వాలి. అడ్డం లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలని, అంచు ఎత్తు 150 మిల్లీమీటర్లు మించకూడదని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లోనే రాసిపెట్టింది. జూబ్లీహిల్స్ గల్లీల్లో దాన్ని టేపు పట్టి కొలవక్కర్లేదు, కంటికే తెలుస్తుంది. ప్రతి గేటు ముందు కారు ఎక్కడానికి వాలు, వాలు పక్కన సెక్యూరిటీ గది, దాని పక్కన జనరేటర్, మిగిలిన జానెడు చోట ట్రాన్స్‌ఫార్మర్. కోట్ల విలువైన ఇంటికి ప్రహరీ లోపల చోటు చాలక బయటి ఫుట్‌పాత్ కావాల్సి రావడం చిత్రమే. నడిచేవాడు రోడ్డు మీదికి దిగుతాడు. 2022లో దేశవ్యాప్తంగా రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన పాదచారులు 32,825 మంది. వాడదగిన ఫుట్‌పాత్ జీవించే హక్కులో భాగమేనని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. లోపభూయిష్టంగా రోడ్డు వేసి ప్రాణనష్టానికి కారణమైతే లక్ష రూపాయల దాకా జరిమానా వేసే సెక్షన్ మోటారు వాహనాల చట్టంలో 2019 నుంచీ ఉంది. చట్టాలకు కొదవ లేదు, వాటిని అమలు చేయాలన్న మనసే కరువు.

జంక్షన్ల దగ్గరికి వచ్చేసరికి ఆ మనసు ఏమాత్రం కనిపించదు. కేబీఆర్ పార్కు చుట్టూ ఫ్లైఓవర్లు కడతామన్నప్పుడు 2016లో జనం చెట్ల కోసం రోడ్డెక్కారు, హరిత ట్రిబ్యునల్ స్టే ఇచ్చింది. 2024లో మరో పథకం కింద ఆరు జంక్షన్లకు ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌లు మంజూరయ్యాయి. ఫ్లైఓవర్ సిగ్నల్‌ను తీసేస్తుంది. సిగ్నల్ పోతే రోడ్డు దాటేవాడికి దొరికే ఎర్రలైటు కూడా పోతుంది. ఉన్న సిగ్నళ్ల దగ్గరైనా ఫ్రీ లెఫ్ట్ పేరుతో ఎడమ వరస ఎప్పుడూ ఆగదు. పరుగెత్తేవాడు అక్కడ నిలబడి నాడి చల్లబడేదాకా ఎదురుచూడాలి.

పార్కుల వేళలదీ ఇదే తీరు. తెల్లవారగానే తెరిచి, పొద్దెక్కగానే మూసి, మళ్లీ సాయంత్రం తెరుస్తారు. జాతీయ ఉద్యానానికి మూగజీవాల సాకైనా ఉంది, కాలనీ పార్కులకు అదీ లేదు. మే నెల మధ్యాహ్నం పార్సిల్ సంచి వీపున మోసే డెలివరీ కుర్రాడు తాళం వేసిన గేటు ముందు, గోడ అవతలి చెట్టు ఇవతలికి వేసిన కాస్త నీడలో బండి ఆపుకుంటాడు. లోపల బెంచీలు ఖాళీగా ఉంటాయి. మరుగుదొడ్డి కూడా ఆ తాళం వెనకే ఉంటుంది. తెల్లవారుజామున వ్యాయామం చేసే తీరికున్నవాళ్ల కోసం పెట్టిన వేళలివి.

నగరపాలక సంస్థ మరో చుట్టుబాటకు శంకుస్థాపన చేసే ముందు చెక్‌పోస్ట్ నుంచి తీగల వంతెన దాటేదాకా ఒక్క సైకిల్ వరసను గుంజలు పాతి విడదీయాలి. కృష్ణానగర్ నుంచి గుట్ట మీదికి వచ్చే ఒక్క ఫుట్‌పాత్‌ను గేట్ల వాలుల నుంచి విడిపించాలి. వీటికి టెండర్లు, సమయం పడతాయంటే, కాలనీ పార్కుల గేట్లు మధ్యాహ్నం తెరిచి ఉంచడానికి ఒక ఉత్తర్వు చాలు. అది ఈ వారమే ఇవ్వవచ్చు.