రెండో లైను వేసేముందు గ్రామసభను అడిగిందెవరు?

2023 ఆగస్టు 16న కేంద్ర మంత్రివర్గం సుమారు 32,500 కోట్ల రూపాయల ఖర్చుతో ఏడు రైల్వే పథకాలను ఆమోదించింది. వాటిలో మన జిల్లాలను తాకేవి రెండున్నాయి. ఒకటి గుంటూరు నుంచి మిర్యాలగూడ, నల్గొండ, చిట్యాల, వలిగొండ మీదుగా బీబీనగర్ దాకా రెండో లైను. మరొకదానిలో మహబూబ్‌నగర్ నుంచి గద్వాల మీదుగా డోన్ దాకా రెండో లైను ఉంది. ప్రయాణికుల సౌకర్యం గురించి కూడా ఒక మాట అన్నారు గానీ అసలు లెక్కంతా సరుకుదే. ఏడు పథకాలూ పూర్తయితే ఏడాదికి అదనంగా 20 కోట్ల టన్నుల సరుకు కదులుతుందట. బొగ్గు, సిమెంటు, బూడిద, ధాన్యం.

రైలు వద్దని మనమెవరమూ అనడం లేదు. వాడపల్లి సిమెంటు, మిర్యాలగూడ బియ్యం, దామరచర్ల దగ్గర 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రానికి విష్ణుపురం వైపు నుంచి వచ్చే బొగ్గు ఇవన్నీ ఒంటి లైను మీద ఎంతకాలం నడుస్తాయని అడిగితే అది న్యాయమైన ప్రశ్నే. మన ప్రశ్న వేరు. ఈ లైను ఏ ఊరి మధ్య నుంచి పోతుందో ఆ ఊరి పాలకవర్గానికి ఇందులో ఉన్న పాత్ర ఏమిటి?

రాజ్యాంగం 73వ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చినప్పుడు మనం ఎంతో సంబరపడ్డాం. పదకొండో షెడ్యూలులో పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశాల్లో రోడ్లు, కల్వర్టులు, వంతెనలు ఉన్నాయి. రైల్వేలు మాత్రం పూర్తిగా కేంద్రం జాబితాలోవి. అంటే కల్వర్టు సర్పంచిది, ఆ కల్వర్టును కోసుకుంటూ పోయే కట్ట ఢిల్లీది. రైల్వే పనులకు 2006 పర్యావరణ అనుమతుల నోటిఫికేషను వర్తించదు కాబట్టి ప్రజాభిప్రాయ సేకరణ లేదు. 2008లో రైల్వే చట్టానికి చేసిన సవరణ కింద ‘ప్రత్యేక పథకం’ అని ప్రకటించి భూమి తీసుకుంటే, అభ్యంతరం చెప్పుకోవడానికి భూమిలో ‘ఆసక్తి’ ఉన్నవారికి 30 రోజుల గడువు ఉంటుంది. గ్రామసభ సమ్మతి అన్న మాటే అందులో లేదు.

ఈ ‘ఆసక్తి’ ఎవరికి ఉంటుంది? పట్టాదారుకు ఉంటుంది. పట్టా ఎక్కువగా మగవాడి పేరునే ఉంటుంది. కౌలుదారును కూడా చట్టం గుర్తిస్తుంది, కాగితం ఉంటేనే. మన జిల్లాల్లో కౌలు నోటిమాట వ్యవహారం. 2020లో వచ్చిన ధరణి రికార్డుల్లోనయితే సాగుదారు అన్న కాలమే లేకుండా పోయింది. ఇక లైను అవతలి పొలాల్లో నాట్లకు, కలుపుకు పోయే కూలి స్త్రీకి, మేకలు కాసుకునే ముసలామెకు, చెరువు నుంచి బట్టలు మోసుకొచ్చే చాకలి స్త్రీకి ఆ భూమిలో ఏ ఆసక్తీ లేదు, రోజుకు రెండుసార్లు దాన్ని దాటడం తప్ప.

అసలు సంగతి ఇక్కడే ఉంది. 2014 జూలైలో మాసాయిపేట దగ్గర కాపలా లేని గేటులో స్కూలు బస్సును రైలు ఢీకొని పసిపిల్లలు చనిపోయారు. ఆ తర్వాత అలాంటి గేట్లను ఎత్తివేయడం అవసరమే, అందులో వివాదం లేదు. కానీ చాలాచోట్ల వాటి బదులు లైను కింద తవ్విన దారులు వానాకాలంలో కుంటలవుతాయి. సరిగ్గా నాట్ల కాలంలోనే. నాట్లు గుత్తకు పట్టే గుంపు ఎవరికోసమూ ఆగదు. ఆలస్యంగా వచ్చిన మనిషికి ఆ రోజు కూలి పోయినట్లే. అందుకని ఆమె కట్ట ఎక్కి పట్టాలు దాటుతుంది. రైల్వే చట్టం 147వ సెక్షను ప్రకారం అది నేరం. ఆరు నెలల జైలు లేదా వెయ్యి రూపాయల జరిమానా దాకా ఉంటుంది. తాతలనాటి బాటలో నడిచినందుకు శిక్ష.

బ్రెజిల్‌లో కరజాస్ ఇనుప ఖనిజం లైను మీద 330 వ్యాగన్ల బండి నడుస్తుంది. అది ఊరి ముందు ఆగితే ఆ ఊరు రెండు ముక్కలయినట్లే. మన గూడ్సు బండ్లు అంత పొడవు కావు, కానీ గేటు దగ్గర నిలబడిన మనిషికి ఆ తేడా పెద్దగా తెలియదు.

ఇదే చట్టంలో 16వ సెక్షనును ఎంతమంది చదివారో! పొలాల రాకపోకలకు దారులు, నీళ్లు పోవడానికి తూములు రైల్వేయే తన ఖర్చుతో కట్టాలి. ఎన్ని కట్టాలో తేల్చేది పంచాయతీ కాదు, రాష్ట్ర ప్రభుత్వం. పైగా లైను ప్రారంభమైన పదేళ్ల తర్వాత అదనపు పనులకు రైల్వే బాధ్యత ఉండదు. నడికుడి లైను 1989లో పూర్తయింది, ఆ గడువు తీరి చాలా కాలమయింది. స్థానిక సంస్థ లైను మీదుగా కొత్త రోడ్డు కావాలని అడగవచ్చు, 17వ సెక్షను ఆ వీలు ఇచ్చింది, కానీ సొంత డబ్బుతో. ఇంటిపన్నుతో బతికే పంచాయతీ రైలు కట్ట కింద దారి కట్టించుకోవాలట!

ప్రయాణికులకు దక్కినదేమిటో కూడా చూద్దాం. కరోనా తర్వాత ప్యాసింజరు బండ్లను ఎక్స్‌ప్రెస్ చార్జీలతో నడిపి కనీస టిక్కెట్టును 10 రూపాయల నుంచి 30 చేశారు. 2024 ఫిబ్రవరిలో గాని అది తగ్గలేదు. ఆ నాలుగేళ్లూ కూరగాయల గంపతో పట్నం పోయే స్త్రీ ఏ లెక్కల్లోనూ లేదు.

ఇంకో విషయం నన్ను ఎక్కువగా బాధిస్తోంది. తెలంగాణలో సర్పంచుల పదవీకాలం 2024 ఫిబ్రవరి మొదట్లో ముగిసింది. మళ్లీ ఎన్నికలు జరిగింది 2025 డిసెంబరులో. మంత్రివర్గం ఆమోదించిన ఆరు నెలలకే ఊళ్లు ప్రత్యేకాధికారుల చేతికి పోయాయి, దాదాపు రెండేళ్లు అలాగే ఉన్నాయి. సగం స్థానాలు స్త్రీలకు రిజర్వు చేసిన పంచాయతీలు లేని కాలంలో వాళ్ల తరఫున ఎవరు మాట్లాడాలి?

ఇప్పుడు ఎన్నికయిన స్త్రీలు ఉన్నారు. ఈ లైన్ల పక్క మండలాల్లో పనిచేసే మన సంఘాలు ‘సర్పంచి భర్త’తో కాకుండా సర్పంచితోనే కూర్చోవాలి. ఊరి రెవెన్యూ నక్షా ముందు పరచుకుని స్త్రీలు నడిచే బాటలు, వాగులు, చెరువు అలుగులు రైలు కట్టను ఎక్కడెక్కడ దాటుతున్నాయో గీయాలి. నక్షాలో లేని బాటలే ఎక్కువ ఉంటాయి, అవి కూలి స్త్రీలను అడిగితేనే తెలుస్తాయి. ఆ పటాన్ని గ్రామసభ తీర్మానంతో కలెక్టరుకు పంపి, 16వ సెక్షను కింద రాష్ట్ర ప్రభుత్వ అభిప్రాయంగా దాన్నే రైల్వేకు తెలపమని అడగాలి. రెండో లైనుకు కొత్త కట్ట పోసేటప్పుడే అడగాలి. కట్ట లేచాక ఖర్చు పంచాయతీ మీద పడుతుంది.