ఆ సీటు ఖాళీ చేసింది మనమే

అమెరికాలో డ్రైవరు లేని లారీలు రోడ్డెక్కాయి. 2025 మే నెలలో అరోరా అనే కంపెనీ టెక్సాస్‌లోని డల్లాస్, హ్యూస్టన్ నగరాల మధ్య మనిషి నడపని లారీలతో సరుకు తోలడం మొదలుపెట్టింది. కొద్ది రోజులకే లారీ తయారీదారు అడిగాడని ముందు సీట్లో మళ్ళీ ఒక మనిషిని కూర్చోబెట్టారు గానీ, ఆ మనిషి బండి నడపలేదు, చూస్తూ కూర్చున్నాడంతే. ఈ వార్త చదివి అనంతపురంలో మనలో చాలామందిమి ఒకే మాట అన్నాం: మన రోడ్ల మీద అయ్యే పనేనా ఇది? గుత్తి నుంచి పెనుకొండ దాకా హైవే మీద ఎదురొచ్చే ట్రాక్టర్లను, అడ్డమొచ్చే గొర్రెల మందలను చూపించి ధైర్యం చెప్పుకున్నాం. నేనూ చెప్పుకున్నాను. ఆ ధైర్యం కొన్నాళ్ళు నిలబడుతుందేమో కూడా. కానీ యంత్రం మన లారీ ఎప్పుడెక్కుతుందన్నది తర్వాతి సంగతి. మనిషి ఎందుకు దిగిపోతున్నాడన్నది ముందు అడగాలి. దానికి జవాబు వెతకడానికి టెక్సాస్ దాకా పోనక్కర్లేదు.

ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే నేల మనది. అదైనా అదునుకు పడితే కదా. శెనక్కాయ విత్తి ఆకాశం చూసిన ఊళ్ళన్నిట్లోనూ, పంట పోయిన ఏడు ఎవరో ఒకరు లారీ ఎక్కారు. మొదట క్లీనర్‌గా. టైర్లు తట్టి గాలి చూడటం, అద్దం తుడవటం, బండి రివర్సు తీస్తుంటే వెనక నిలబడి కేక వేయటం, పట్టలు కప్పి తాళ్ళు బిగించటం, దారిలో స్టవ్వు వెలిగించి అన్నం వండటం. రెండు మూడేళ్ళు గడిచాక, ఏదో ఒక రాత్రి ఖాళీ రోడ్డు మీద డ్రైవరన్న స్టీరింగు చేతికిచ్చేవాడు. ఫీజు కట్టక్కర్లేని చదువు అది. ఆ చదువులో దెబ్బలూ ఉన్నాయి, బూతులూ ఉన్నాయి, మీసాలు రాని పిల్లల్ని పనిలో పెట్టుకున్న పాపమూ ఉంది. దాన్ని మంచి కాలమని నేను చెప్పలేను. అయినా సెంటు భూమి లేని ఇంటికి, పది తప్పిన కుర్రాడికి, వలస పోయి మట్టి మోయటం కంటే ఒక మెట్టు పైకి తీసుకుపోయిన దారి అది. చెడును తీసేసి దారిని నిలబెట్టుకోవలసింది. మనం దారినే తీసేశాం.

ఎవరో వచ్చి తీసేయలేదు. ఉద్యోగంలో కుదురుకోక ముందు నేను కొన్నేళ్ళు ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో గుమాస్తాగా పనిచేశాను. ఒక లారీ, రెండు లారీలు ఉన్న వాళ్ళే ఎక్కువ. ఫైనాన్సు కంతు ఆగదు, డీజిలు తగ్గదు, టోలు తప్పదు, దారి మామూళ్ళు ఎవరూ వదలరు. తగ్గించుకోగలిగింది ఒక్కటే కనిపించింది: క్లీనర్ బత్తా. లెక్కల పుస్తకంలో ఒక్కో బండికీ ఆ గడి ఖాళీ అవుతూ వచ్చింది, ఆ సున్నాలు చుట్టింది నా చెయ్యే. ఓనర్లను తప్పుపట్టబోతాను గానీ, వాళ్ళలో చాలామంది నిన్నటి డ్రైవర్లే. వాళ్ళకూ బతుకు ఇరుకే. కాబట్టే ఎవరమూ ఎవరినీ అడగలేదు.

నేషనల్ పర్మిట్ లారీలో ఇద్దరు డ్రైవర్లు ఉండాలని ఒకప్పుడు నిబంధన ఉండేది. ఒకరు నడుపుతుంటే ఒకరు పడుకోవాలని దాని ఉద్దేశం. రెండో డ్రైవరు పేరు మాకు కాగితం మీద ఉంటే చాలు. ఆ పేరు గల మనిషి ఆ రాత్రి తన ఊళ్ళో ఉండవచ్చు, వేరే బండి మీద ఉండవచ్చు. 2018లో కేంద్రం ఆ నిబంధననే ఎత్తేసింది. మేమెవరమూ బాధపడలేదు, ఒక రాత పని తగ్గిందనుకున్నాం. ఆ రెండో పేరు అసలైన డ్రైవరుకు దక్కవలసిన నిద్ర అని మాకు తెలియదా? తెలుసు. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు మించకూడదని, 5 గంటల పని తర్వాత అరగంట విశ్రాంతి ఇవ్వాలని 1961లోనే మోటారు రవాణా కార్మికుల చట్టం చెప్పిందనీ తెలుసు. ఐదుగురికి తక్కువ పనివాళ్ళున్న చోటికి అప్పట్లో ఆ చట్టం వచ్చేది కాదనే సంగతి మాత్రం మరీ బాగా తెలుసు.

తర్వాత జీపీఎస్ వచ్చింది. బండి ఎక్కడుందో ఫోనులో కనిపించడం మొదలయ్యాక, "ఎక్కడున్నావన్నా, అన్నం తిన్నావా" అని ఫోను చేసే పని లేకపోయింది. 2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్ తప్పనిసరైంది. మరూరు దగ్గర, కాసేపల్లి దగ్గర చిల్లర కోసం ఆగే బాధ పోయింది. ఇవి మంచి సౌకర్యాలే. వీటిని నేను వద్దనలేను, వద్దన్నా ఎవరూ వినరు. కానీ బండి ఆగిన ప్రతిసారీ ఎందుకు ఆగావని అడిగేవాళ్ళం, ఆగకుండా పదహారు గంటలు నడిచిన బండిని చూసి ఎందుకు ఆగలేదని ఏనాడూ అడగలేదు.

ఇనుప ఖనిజం రోజులు కూడా ఒప్పుకోవాలి. చైనా కొనుగోళ్ళతో ధర పెరిగిన ఆ కొన్నేళ్ళలో ఓబుళాపురం వైపు, సరిహద్దు దాటి బళ్ళారి వైపు దుమ్ము ఆగలేదు. రాయదుర్గం, కళ్యాణదుర్గం పక్క పల్లెల్లో పొలం కుదువ పెట్టి, నగలు తాకట్టు పెట్టి బండ్లు కొన్నారు. ట్రిప్పుకు ఇంత అని కూలి. ఎన్ని ట్రిప్పులు కొడితే అంత డబ్బు. మోయగలిగిన దానికంటే ఎక్కువ లోడు. 2009 నవంబరులో ఓబుళాపురంలో తవ్వకాలు ఆగాయి, 2011 జూలైలో బళ్ళారి జిల్లాలో సుప్రీంకోర్టు ఆపించింది. బండ్లు ఇళ్ళ ముందు నిలిచిపోయాయి, కంతులు మాత్రం నిలవలేదు. ఆ కథను మనం ఈనాటికీ గనుల దొరల కథగా, రాజకీయ కథగా చెప్పుకుంటాం. అందులో మన వంతు చెప్పుకోం. డ్రైవరును ట్రిప్పుల్లో లెక్కపెట్టడం మనకు అలవాటైంది అక్కడే. ట్రిప్పుల్లోనే మనిషిని కొలిచాక, నిద్ర అడగకుండా ఎక్కువ ట్రిప్పులు కొట్టేది ఏదొచ్చినా అదే మేలనిపిస్తుంది. అలా అనిపించే మనసును మనం ముందే తయారు చేసి పెట్టుకున్నాం.

రైతులం కూడా తప్పించుకోలేం. మా ఇంట్లోనూ చీనీ చెట్లు ఉన్నాయి కాబట్టి ఈ మాట అనగలుగుతున్నాను. చీనీ కాయ ఢిల్లీ చేరాలంటే దాదాపు 2,000 కిలోమీటర్లు. కాయ కోసి, ఎంచి, లోడు ఎత్తడానికి పగలంతా మనం తీసుకుంటాం. ఎండలో కాచుకున్న ఆ గంటలకు డ్రైవరుకు పైసా రాదు. మనం పోగొట్టిన పొద్దును రాత్రి రోడ్డు మీద అతను సంపాదించాలి. ఆలస్యమై కాయ మెత్తబడితే బాడుగలో కోత. కాయ నలగకూడదని కింద మెత్తగా గడ్డి పరుస్తాం, మనిషి నడుము వాల్చడానికి చోటుందా అని చూడం. కక్కలపల్లి టమోటా మండీకి వచ్చిపోయే బండ్ల విషయంలోనూ మన తీరు ఇంతే. 2020 సెప్టెంబరు 9న అనంతపురం నుంచి ఢిల్లీ ఆదర్శనగర్‌కు దక్షిణాదిలోనే తొలి కిసాన్ రైలు బయల్దేరినప్పుడు సంతోషించాం. సంతోషించవలసిన సంగతే. ఆ కాయలు మోసి బతికిన వాళ్ళకు ఇక దారేమిటని మాత్రం ఎవరమూ అడిగిన గుర్తు లేదు.

ఇంకా లోపలికి పోతే మన ఇళ్ళు. డ్రైవరుకు పిల్లను ఇవ్వం అన్నాం. ఎయిడ్స్ ప్రచారం జరిగిన రోజుల్లో గోడల మీద లారీ డ్రైవరు బొమ్మ చూశాం. ఆ ప్రచారం అవసరమే, ప్రాణాలు కాపాడింది. కానీ జబ్బు గురించి తెలుసుకున్నంత శ్రద్ధగా ఆ మనిషి నెలల తరబడి ఇంటికి రాలేని బతుకు గురించి తెలుసుకోలేదు. బొమ్మను చూసి మనిషి మీద తీర్పు ఇచ్చేశాం. డ్రైవర్లు కూడా కొడుకులతో "నువ్వు మాత్రం స్టీరింగు పట్టొద్దు నాయనా" అన్నారు. అది ప్రేమ, దాన్ని తప్పనలేను. నేను టీచరునయ్యాక, పాఠం వినని పిల్లోళ్ళతో "చదవకపోతే లారీ క్లీనర్‌వి అవుతావు" అన్నాను. ఒకసారి కాదు. క్లీనర్ల పిల్లలు ఆ తరగతిలోనే కూర్చుని ఉన్నారు. వాళ్ళ నాన్న చేసే పనిని శిక్షగా చూపించిన వాణ్ణి, ఇవాళ ఆ పని పోతోందని కన్నీళ్ళు పెట్టుకుంటే ఎవరు నమ్మాలి?

2024 జనవరి మొదట్లో డ్రైవర్లు దేశంలో చాలాచోట్ల బండ్లు ఆపేశారు. ప్రమాదంలో మనిషి ప్రాణం తీసి, చెప్పకుండా వెళ్ళిపోతే పదేళ్ళ దాకా జైలు అనే కొత్త సెక్షను మీద సమ్మె అది. హైదరాబాదులో జనం పెట్రోలు బంకుల ముందు బారులు తీరారు. ఇక్కడ మనమూ ట్యాంకు గురించే దిగులు పడ్డాం. ప్రమాదం జరిగిన చోట ఆగితే జనం కొట్టి చంపుతారని భయంగా ఉందని వాళ్ళు చెప్పారు. ఆ జనం ఎవరు? హైవే పక్క ఊళ్ళలో ఉండే మనమే. తప్పెవరిదో తెలియకముందే పెద్ద బండి వాణ్ణి కిందికి లాగడం చూసి ఊరుకున్నది మనమే. సెక్షను అమలు కాకుండా ఆగింది. ఆ భయం ఆగలేదు.

ఇక యంత్రం సంగతి. పెనుకొండ పక్కన ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తయారై వస్తున్నాయి. 2022 ఏప్రిల్ దాకా అది మన జిల్లాయే. అక్కడ రోబోలు వెల్డింగు చేస్తాయి. 2023 జూలైలో వచ్చిన కొత్త సెల్టోస్‌లో ముందున్న బండిని చూసి తనంతట తానే బ్రేకు వేసే, గీత దాటితే స్టీరింగును సర్దే ఏర్పాట్లున్నాయి. అవి డ్రైవరుకు సాయపడేవే తప్ప డ్రైవరును దించేవి కావు, నిజమే. ఇవాళ్టికీ ఆ కార్లను ట్రైలర్ల మీద తోలుకుపోయేదీ మనుషులే. హైదరాబాదు దగ్గర కందిలో, ఐఐటీ ఆవరణలో, డ్రైవరు లేని బండ్లను పరీక్షించే మైదానం 2022 జూలైలోనే మొదలైంది. అంటే ఇది మనకు తెలియకుండా వస్తున్నదేమీ కాదు. ఫ్యాక్టరీ వచ్చేటప్పుడు ఎన్ని ఉద్యోగాలొస్తాయని అడిగాం. అడగవలసిందే. పదేళ్ళకో ఇరవై ఏళ్ళకో ఏ ఉద్యోగాలు పోతాయని అడగలేదు. డ్రైవరు కొడుక్కి సెన్సరు రిపేరు నేర్పండని మన ఐటీఐలను అడగలేదు.

కేంద్రమంత్రి నితిన్ గడ్కరీ 2023 డిసెంబరులో డ్రైవరు లేని కార్లను దేశంలోకి రానివ్వనన్నారు, 70–80 లక్షల మంది డ్రైవర్ల బతుకు పోతుందన్నారు. దేశంలో 22 లక్షల మంది డ్రైవర్ల కొరత ఉందని చెప్పిందీ ఆయనే. రెండూ నిజమే కావచ్చు. రెండూ కలిపి చదివితే మన సంగతి తెలుస్తుంది. పనిని కాపాడతామంటున్నాం, ఆ పనిలోకి పిల్లల్ని పంపలేకపోతున్నాం. లారీ క్యాబిన్‌లో ఏసీ ఉండాలని నిబంధన అమల్లోకి వచ్చింది 2025 అక్టోబరులో, అదీ ఆ తర్వాత తయారైన బండ్లకు. మే నెలలో మన గుత్తి ఎండ తెలిసిన వాళ్ళం, ఆ నిబంధన కోసం ఒక్క అర్జీ అయినా పెట్టామా?

రేపు ఏదో కంపెనీ వచ్చి, డ్రైవర్లు దొరకడం లేదు కాబట్టి యంత్రం తెచ్చామంటే, అబద్ధమని అనలేం. యంత్రాన్ని ఆపమని కూడా నేను అడగను. తెల్లవారుజామున కునుకు పట్టి కల్వర్టును గుద్దే చావులు తగ్గిస్తే అది రావలసిందే. రాత్రి దూరం అది నడిపి, పగటి దూరం మనిషి నడిపి సాయంత్రానికి ఇల్లు చేరే పద్ధతి ఒకటి ఉండవచ్చు. కానీ అలాంటి పద్ధతి దానంతటది రాదు. డ్రైవరు తరఫున కూర్చుని మాట్లాడే వాళ్ళుంటేనే వస్తుంది. ఇన్నాళ్ళూ ఆ కుర్చీలో మనం కూర్చోలేదు.

యంత్రం రాకముందే చేయగల పనులున్నాయి, వాటికి ఢిల్లీ అనుమతి అక్కర్లేదు. లోడు కోసం కాచుకున్న గంటలకు కూలి కట్టడం. మండీలో డ్రైవర్లకు మరుగుదొడ్డి, స్నానానికి నీళ్ళు, పడుకోవడానికి ఒక షెడ్డు. బండి బయల్దేరే ముందు మనిషి నిద్రపోయాడా అని అడగడం, పోలేదంటే సరుకు ఆగినా సరేననడం. ఈ చీనీ కోతకు మా తోట లోడు దగ్గర ఆ గంటల కూలి ఇస్తానని మా మేస్త్రీకి చెప్పాను. మిగతా రైతులు నవ్వుతారు, ధర చెడగొడుతున్నానంటారు. ధర ఇన్నాళ్ళూ నిలబడింది డ్రైవరు నిద్ర మీద. ఆ లెక్క నాకు గుమాస్తాగా ఉన్నప్పటి నుంచీ తెలుసు, మీకూ తెలుసు. అందుకే మిమ్మల్ని కూడా ఇమ్మని అడుగుతున్నాను.