పట్నం మెట్రో లెక్క పల్లెకూలీ అడగాలి

"పట్నంలో రైలేస్తే మనకేటి, వెయ్యకపోతే మనకేటి?" అని మన కూలోళ్లు అంటూ ఉంటారు. ఆ మాట తప్పు. మనం కొనే సబ్బుబిళ్ల మీద కూడా సర్కారుకి పన్ను పోతోంది. పట్నాల్లో ఇనుము వంచేది, సెంట్రింగు కట్టేది మన పల్లెల నుంచి వలసపోయినవాళ్లే. ఆ రైలు పేరు చెప్పి అడిగే భూమి ఏదో ఒక రోజు మనదే అవుతుంది. అందుకే లెక్క అడిగే హక్కు మనకుంది.

హైదరాబాదు కథ చూడండి. 2008లో అక్కడి మెట్రో కాంట్రాక్టు మేటాస్ కంపెనీ కూటమికి దక్కింది. ఏ కంపెనీ అయినా సర్కారుని సాయం అడుగుతుంది. మేటాస్ మాత్రం తానే సర్కారుకి 35 ఏళ్లలో 30,311 కోట్లు ఎదురిస్తానంది! రైలు టిక్కెట్ల మీద అంత సొమ్ము ఎక్కణ్ణుంచి వస్తుంది? ఢిల్లీ మెట్రో కట్టించిన శ్రీధరన్‌కీ ఇదే అనుమానం వచ్చింది. 296 ఎకరాల విలువైన భూమిని వ్యాపారానికి ఇవ్వడం ఆస్తిని అమ్ముకోవడమేననీ, ముందుముందు పెద్ద కుంభకోణం కావచ్చుననీ ఆ సెప్టెంబరులోనే ప్రణాళికా సంఘానికి రాశాడు. సర్కారు ఏం చేసింది? విచారణ జరపలేదు సరికదా, పరువునష్టం దావా వేస్తామని బెదిరించింది. నాలుగు నెలలు తిరక్కుండానే, 2009 జనవరి 7న, సత్యం రామలింగరాజు దొంగలెక్కలు ఒప్పుకున్నాడు. మేటాస్ ఆ కుటుంబానిదే. జులైలో కాంట్రాక్టు రద్దయింది. మెట్రోలో అవినీతి కోర్టులో రుజువైందని మేము అనడం లేదు. అనుమానించినవాడి నోరు నొక్కజూశారన్నదే మా మాట.

2010లో పని ఎల్ అండ్ టీకి ఇచ్చారు. అంచనా 14,132 కోట్లు. అందులో 1,458 కోట్లు సర్కారు గ్రాంటు. భూములు అదనం. 2017 నవంబరులో రైలు కదిలింది. నష్టాలొస్తున్నాయని కంపెనీ మొరపెట్టింది. చివరికి 2025 సెప్టెంబరులో, దాదాపు 13,000 కోట్ల అప్పు నెత్తికెత్తుకుని, వాటా కింద మరో 2,000 కోట్లు ఇచ్చి మెట్రోని తీసుకోవడానికి తెలంగాణ సర్కారు ఒప్పుకుంది. మొదట సర్కారుకే వేల కోట్లు వస్తాయన్నారు. ఆఖరికి వేల కోట్ల అప్పు జనం నెత్తిన పడింది. లాభమైతే కంపెనీది, నష్టమైతే మనదీనా?

ఇప్పుడు మన ఇంటిముందు ముచ్చట. విశాఖ మెట్రో మొదటి దశ 46.23 కిలోమీటర్లకు 11,498 కోట్లని 2024 డిసెంబరులో రాష్ట్ర సర్కారు ఆమోదించింది. రెండో దశలో కొమ్మాది నుంచి భోగాపురం దాకా పొడిగించాలని ప్రతిపాదన. విమానాశ్రయానికి భూములిచ్చిన గూడెపువలస, కంచేరు రైతుల్ని అడగండి, ప్రాజెక్టు అంటే ఏటో వాళ్లు చెబుతారు.

ఒక్క కిలోమీటరుకి దాదాపు 249 కోట్లు పడుతోంది. 2024-25లో ఉపాధి పనికి రోజుకూలి 300 రూపాయలు. అంటే ఆ ఒక్క కిలోమీటరు సొమ్ము 83 లక్షల పనిదినాల కూలి! మన కూలి బకాయి అడిగితే నిధుల్లేవంటారు, దీనికి మాత్రం ఉన్నాయా?

పట్నంలో రైలు వద్దని మనం అనడం లేదు. గాజువాకలో పనిచేసే మన తమ్ముడికీ చవకైన బండి కావాలి. కాని టెండర్లు, ఒప్పందాలు తెలుగులో అచ్చువేసి జనం ముందు పెట్టాలి. స్టేషన్ల చుట్టూ భూములు ఎవరి పేర ఉన్నాయో బయటపెట్టాలి. నష్టమొస్తే ఎవరు భరిస్తారో ముందే రాయాలి. సంతకాలయ్యాక అడిగి లాభం లేదు. కళ్లం మీద ధాన్యం కొలిచేటప్పుడే కుంచం చూసుకోవాలి. బండి కదిలాక కాదు.